పొద్దుటి తూకం

“అయితే దారపుండకి కాళ్ళొచ్చి నడిసెల్లిపోనాదంటావ్?” అంది పోతమ్మ. ఆ మాట అనడం అప్పటికి మూడోసారి.

సీతాలు గంజి వార్చిన గిన్నె పొయ్యి పక్కన పెట్టి కారియర్లో అన్నం సర్దుకుంటోంది. అత్తగారి గొంతు ముందుగదిలోంచి వీధిలోకి వెళ్ళి మళ్ళీ ఇంట్లోకి వస్తోంది. చేపల బుట్ట, తక్కెడ, రాళ్ళ సంచీ గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయి. హార్బరుకి వెళ్ళే మొదటి ఆటో జాలారిపేట మలుపులో హారను కొడుతోంది. అయినా పోతమ్మ కదలడం లేదు.

“ఒలే, నిన్నే. నా కొడుకు వలకని కొన్న నైలాను దారం. కొత్త ఉండ. సగం నేదు. మనింట్లో ఎలకలు నైలాను తింతన్నాయేటి?”

“ఎలకలు కాదు నానమ్మా, అమ్మే,” అంది నాగమణి పక్క చుడుతూ. తొమ్మిదో తరగతి పిల్ల. ఎవరి గుట్టూ దాని నోట్లో నిలవదు. “కారు బొమ్మకి అంటించడానికి అట్టుకెల్లింది.”

“వలకి కొన్న దారం కారుకేటే!”

ఇక సీతాలుకు తప్పలేదు. “నాలుగు మూరలే తీసినానత్తా. పురి ఇప్పి పోగులు చేసినాను. ఆళ్ళిచ్చిన ఊలుదారం సముద్రం సెమ్మకి బరువెక్కిపోతంది. గాలికి ఆడదు. నైలానైతే ఆడతాది.”

“ఆడతాదా? నీకు ఆట. వల సిరిగినకాడ సేపలు నిన్నడిగి ఆగుతాయేటి?”

“ఒగ్గీయే అమ్మా,” అన్నాడు పైడయ్య దుప్పటిలోంచే. పడవ ఇంజను మరమ్మతుకి పోవడంతో ఆ వారం అతను ఒడ్డున ఉన్నాడు. “నాలుగు మూరలికి నలుగురికి నిద్ర నేకుండా సేత్తన్నావ్.”

“నానా సేత్తన్నాను?” అని పోతమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. గుమ్మం దిగాక వెనక్కి తిరిగి, “ఇంకొక్క మూర పోనాదంటే దారం కాదు, నీ జడ కోసి వలకి కడతాను,” అని ఆటో వైపు పరుగెత్తింది.

సీతాలు నవ్వు ఆపుకుని, షెడ్డు తాళంచెవి కొంగున ముడేసుకుని బయల్దేరింది.

లాసన్స్ బే దాటాక ఇసుకమిట్ట మీద ఉంటుంది పరిశోధన కేంద్రం. రేకుల షెడ్డు పొడవునా ఒక చెక్క గొట్టం పడుకుని ఉంటుంది. ఒక చివర మనిషి నిలబడగలిగినంత వెడల్పు మూతి, రెండో చివర పెద్ద ఫ్యాను, నడుమ గాజు కిటికీ పెట్టిన చిన్న గది. ఇంజనీర్లు దాన్ని గాలి సొరంగం అంటారు. పనివాళ్ళకి అది గొట్టమే. రేవులో క్రేన్లకీ, కొత్తగా లేస్తున్న ఉక్కు కర్మాగారం పొగగొట్టాలకీ చెక్క బొమ్మలు చేసి, ఎంత గాలికి అవి ఎంత ఊగుతాయో ఆ గదిలో పెట్టి చూస్తారు. ఈ జనవరిలో మొదటిసారి అందులోకి రేసు కారు బొమ్మ ఒకటి వచ్చింది.

బొమ్మ మూరన్నర పొడవు, టేకు చెక్క, పీతలా నేలబారుగా ఉంటుంది. దాన్ని తెచ్చినవాడు అర్జునరావు, రేవులో ఓడల ఏజెంటుగారి అబ్బాయి. గాజువాక దగ్గర షెడ్డులో ఫియట్ ఇంజను పెట్టి అసలు కారు తన చేత్తోనే కట్టుకున్నాడు. మూడు వారాల్లో మద్రాసు దగ్గర షోలవరంలో పందేలు. ఆ కారు నడిపేది కూడా అతనే.

షెడ్డులో మీట దగ్గర స్టూలు వేసుకుని అసిస్టెంటు తాతబాబు ఆవలిస్తున్నాడు. సీతాలు సముద్రం వైపు షట్టరు కిందిదాకా దిగిందో లేదో కాలితో తన్ని చూసింది. షట్టరు మూస్తే షెడ్డులోని గాలే తిరిగి తిరిగి గొట్టం మూతిలోకి వస్తుంది. సముద్రం మీంచి గాలి తిరగకముందే, ఏడింటికల్లా కొలతలు అయిపోవాలని పాత మేస్త్రీ నీలకంఠం పెట్టిన నియమం. ఆయన రిటైరయినా ఆమె దాన్ని తప్పలేదు.

గాజు తలుపు తీసి, బొమ్మ మీద అంటించిన పోగుల్ని ఒక్కొక్కటే వేలి కొసతో సరిచేసింది. ముక్కు మీద పద్నాలుగు, వీపు మీద ఇరవై. బొమ్మ ముందు చక్రాల నుంచి ఒక సన్న తీగ, వెనక చక్రాల నుంచి ఒకటి నేల చెక్కలోంచి దిగి రెండు తక్కెడలకు కట్టి ఉంటాయి. గాలి ముక్కును పైకి లేపితే ముందు తక్కెడ ముల్లు ఎడమకి తిరుగుతుంది. నేలకి అదిమితే కుడికి.

“కానీ బాబూ,” అంది.

ఫ్యాను మూలిగి, ఊపందుకుని, రేకులు దడదడలాడాయి. సీతాలు తక్కెడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముల్లు వణికి ఎడమకి జరిగింది. చిన్న రాళ్ళు ఒకటొకటిగా వేసి ముల్లును నడిమికి తెచ్చింది.

“ముందు నూట ఎనబై గ్రాములు. పైకి.”

“పైకా?” తాతబాబు స్టూలు మీంచి మెడ చాచాడు. “సరిగా చూడు.”

ఆమె రాళ్ళు తీసి మళ్ళీ వేసింది. మోటారు ఆపించి మళ్ళీ తిప్పించింది. మూడుసార్లూ ముల్లు ఎడమకే పోయింది. లేచి గాజులోంచి చూసింది. వీపు మీద పోగులు చక్కగా దువ్విన జుట్టులా పడుకుని ఉన్నాయి. ముక్కు మీదివి అలా లేవు. ఎవరో కొసలు పట్టుకుని పైకి లాగుతున్నట్టు నిక్కపొడుచుకుని వణుకుతున్నాయి.

“బొమ్మకి గ్రాములు, అసలు కారుకి కేజీలు కదా బాబూ? ఇది పందెంలో ముక్కెత్తితే?”

“అదంతా పెద్దసారు చూసుకుంటారులే. రాయి.”

సీతాలు రిజిస్టరులో అంకెలు రాసింది. పేజీ అడుగున రెండు గడులు ఉంటాయి. ఒకటి కొలత తీసినవారు, రెండోది సరిచూసినవారు. తొమ్మిదేళ్ళుగా ఆ పేజీల్లో అంకెలన్నీ ఆమె చేతివే. ఒక్క గడిలోనూ ఆమె పేరు లేదు. మొదటి గడిలో అసిస్టెంట్లు సంతకం పెడతారు, రెండో దాంట్లో పెద్దసారు. ఆ రోజు తాతబాబు కలం తీసి, అంకెలు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“తర్వాత పెడతాను,” అన్నాడు.

మర్నాడు, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి షెడ్డు పెళ్ళిపందిరిలా ఉంది. రేవు అధికార్లు, వాళ్ళ భార్యలు, ఒక పత్రికవాడు, మెడలో కెమేరాతో ఒక ఫొటోగ్రాఫరు. పెద్దసారు గురునాథరావుగారు తెల్లకోటు తొడుక్కుని గొట్టం పక్కన నిలబడి, గాలి కారును ఎలా పట్టుకుంటుందో అందరికీ చేతుల్తో చూపిస్తున్నారు. అర్జునరావు దోషిలా చేతులు కట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

“వెలుతురు చాలదండీ,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“సీతాలూ, షట్టరెత్తు.”

సీతాలు తక్కెడ దగ్గర్నుంచి లేచింది గాని కదల్లేదు. “సార్, సముద్రం గాలి తిరిగిపోనాది. ఇప్పుడెత్తితే తూకం మారిపోద్ది.”

అధికార్ల భార్యల్లో ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు గురునాథరావుగారికి తగిలింది.

“సొరంగం అంటేనే బయటిగాలి తగలకుండా కట్టింది, సీతాలూ,” అన్నారు పిల్లలకి పాఠం చెప్పినట్టు. “పడవ కాదిది. ఎత్తు.”

ఆమె గొలుసు లాగింది. షట్టరు గరగరమంటూ పైకి పోగానే ఉప్పుగాలి ఒక్కసారిగా లోపల పడింది. కాగితాలు ఎగిరాయి, ఆడవాళ్ళు పైటలు పట్టుకున్నారు. మోటారు తిరిగింది. మూతిలోకి పోయే గాలికి మీంచి ఏటవాలుగా సముద్రం గాలి తోడవుతుంటే, గొట్టం చప్పుడు రోజూ వినే చప్పుడులా లేదు. రాయి అడ్డం పడ్డ గానుగలా ఎగుడుదిగుడుగా ఉంది. ముల్లు కుడికి పోయింది, నడిమికి వచ్చింది, మళ్ళీ కుడికి పోయింది.

“ఎంత?” అన్నారు గురునాథరావుగారు.

“నిలబడ్డం నేదు సార్.”

“ఎంత సీతాలూ?”

“అరవై. కిందకి.”

చప్పట్లు పడ్డాయి. గురునాథరావుగారు అర్జునరావు భుజం తట్టి, “మీ కారు రోడ్డును బల్లిలా పట్టుకుంటుంది,” అన్నారు. అతని మొహం విప్పారింది. ఫొటోగ్రాఫరు కెమేరా ఎత్తి, “అమ్మా, కాస్త పక్కకి,” అన్నాడు. సీతాలు పక్కకి జరిగింది. పోగులు ఎలా ఉన్నాయో చూద్దామని గాజులోకి వంగితే, “ఇంకాస్త,” అన్నాడు.

బుధవారం పదకొండింటికి పెద్దసారు గదిలోకి పిలిపించారు. బల్ల మీద ఆ రోజు పేపరు, మూడో పేజీలో ఫొటో పైకి వచ్చేలా మడిచి ఉంది. పక్కన రిజిస్టరు. దాని పక్కన టైపు కొట్టిన కాగితం ఒకటి.

“కూర్చో,” అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఆ మాట ఆమె విననిది. నిలబడే ఉంది.

“చూడమ్మా. ఈ కేంద్రం మూసేస్తారని నాలుగేళ్ళుగా వింటున్నాం. ఒక్క ఫొటో పడేసరికి పొద్దున్నుంచి రెండు ఫోన్లు. మద్రాసు నుంచి ఒకటి, పూనా నుంచి ఒకటి. పని వస్తుంది. అందరికీ వస్తుంది.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు అలిసి ఉన్నాయి. “సోమవారం పేజీ మీద ‘ట్రయలు, లెక్కలోకి రాదు’ అని రాసి కొట్టెయ్యి. అంకెలు నీవి కాబట్టి నువ్వే కొట్టెయ్యాలి. మంగళవారం పేజీలో కొలత తీసినవారు అన్నచోట సంతకం పెట్టు. శనివారం రిపోర్టు ఇస్తున్నాం.”

“నానా సార్? ఎప్పుడూ తాతబాబుగారు కదా పెడతారు?”

“సెలవు పెట్టాడు. భీమిలిలో వాళ్ళ మామగారికి బాగాలేదట.”

సోమవారం తాతబాబు కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకోవడం సీతాలు కళ్ళ ముందు మెదిలింది.

“సార్, ఆ ముక్కు లేత్తాది. తలుపు తీసి తూసిన తూకం...”

“ఇది నీ పర్మినెంటు ఆర్డరు,” అన్నారాయన, ఆ మాట విననట్టే. టైపు కాగితాన్ని వేలితో రెండంగుళాలు ఇటు జరిపారు. “మస్టరు కూలీగా, రోజు లెక్కన, ఇంకెన్నాళ్ళు? శుక్రవారం సాయంత్రం లోపల నా సంతకం కూడా అయిపోవాలి.”

ఆయన బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు, అంతే. ఆర్డరు మీద ఆమె పేరు ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా ఉంది.

“రేపు... ఎల్లుండి సెప్తాను సార్,” అని వచ్చేసింది.

ఆ సాయంత్రం సంగతి విని పైడయ్య వల కుట్టే కండె కింద పడేసి లేచాడు.

“పర్మినెంటా? ఒలే నాగమణీ, మీ అమ్మ పర్మినెంటంట!” తర్వాత రెండో సగం కూడా విన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. “అయితే ఏటి? ఒక్క సంతకం. అంతే కదా?”

“అబద్ధానికి మావా.”

“అబద్ధమేటి? నువ్వు సూసినప్పుడు కిందకే కదా ముల్లున్నాది? ఉన్నదే రాసినావు.”

“సోమారం లేసింది. అది కొట్టెయ్యమన్నారు.”

“పెద్ద సదువులు సదివినోళ్ళకి తెల్దా? నీకొక్కదానికే తెలిసిందా?” అతని గొంతు లేచింది. “తొమ్మిదేళ్ళు సీకట్నే లేసి పరిగెట్టినావు. నాగమణికి జొరమొస్తే కూడా సెలవు నేదన్నారని ఏడ్సుకుంటా ఎల్లినావు. ఇప్పుడు ఆళ్ళంతట ఆళ్ళే ఇత్తంటే నువ్వు కాదంటావా?”

సీతాలు అతను పడేసిన కండె తీసి చేతికిచ్చింది. “మీ పడవ అడుగు పుచ్చిందని తెలిసీ మేస్త్రీ బాగున్నాదని రాసిత్తే ఎక్కుతావా?”

పైడయ్య కండె అందుకుని వల ఒళ్ళోకి లాక్కున్నాడు. “పడవ యేరు, కారు యేరు,” అన్నాడు. కాని ఆ తర్వాత వేసిన నాలుగు ముళ్ళూ వదులుగా పడి, విప్పి మళ్ళీ వేసుకోవలసి వచ్చింది.

మూలన ఆకు నములుతూ పోతమ్మ అంతా వింది. పడుకోబోయేముందు దారపుండ తీసి తన తలగడ కింద పెట్టుకుంది.

గురువారం నాలుగింటికి సీతాలు బీచి రోడ్డున ఇంటికి వస్తోంది. పోతమ్మ రోడ్డు పక్క గోనె పరిచి, మిగిలిన వంజరం ముక్కలూ కానాగంత చేపలూ ముందు పెట్టుకుని కూర్చుంది. సముద్రం మీంచి గాలి విసురుగా కొడుతోంది. గొడుగు చేతిలో పట్టుకుని ఎవరో టీచరమ్మ నిలబడి ఉంది.

“ఒలే, బేగి రా. ఈ పక్క నిల్సో,” అంది పోతమ్మ, కోడల్ని చూడగానే. సీతాలు సముద్రం వైపు నిలబడి, చీరకొంగు రెండు చేతులా చాచింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి పని ఇదే. తూకం వేసేటప్పుడు గాలికి అడ్డం నిలబడాలి.

“తూచెయ్యవమ్మా, బస్సు పోతుంది,” అంది టీచరమ్మ. “చేపకీ గాలికీ ఏమిటి సంబంధం?”

“ఉండండమ్మా. పల్లెం ఊగుతుండగా తూత్తే ఆ బరువు సేపదో గాలిదో నాకు తెల్దు, మీకు తెల్దు.”

కొంగు పక్కనుంచి దూరిన గాలికి చేప ఉన్న పళ్ళెం ఒక్కసారి కిందకి ఒరిగింది. పోతమ్మ తక్కెడ దించేసింది. గాలి తగ్గేదాకా ఆగి మళ్ళీ ఎత్తింది. ముల్లు నిలబడ్డాక ఇంకో ముక్క కోసి వేసింది. టీచరమ్మ సంచీ పట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

“ఇందాక ఒరిగినప్పుడే ఇచ్చేత్తే ఒక ముక్క మిగిలిపోను కదత్తా,” అంది సీతాలు.

“మిగిలును. రేపు ఆ అమ్మ ఇంటికాడ తూసుకుంతాది. అప్పుడు గాలిని తిడతాదేటి? పోతమ్మని తిడతాది.” ఆమె కత్తి కడిగి గోనెకి తుడిచింది. “మొకం అలగున్నాదేటి? పెట్టేసినావా సంతకం?”

“నేదు.”

“మరేటి సూత్తన్నావ్?”

సీతాలు గోనె మీద కూర్చుంది. “మా గొట్టం కాడ కూడా ఇదేనత్తా. సముద్రం గాలి కొడతంటే తలుపెత్తి తూసినారు. గాలి బరువుని కారు బరువన్నారు.”

పోతమ్మ నమలడం ఆపింది. “తలుపెవులు ఎత్తమన్నారు?”

“పెద్దసారు.”

“సంతకం ఎవుల్ని పెట్టమన్నారు?”

“నన్ను.”

పోతమ్మ సముద్రం వైపు తిరిగి ఉమ్మేసింది. ఇనుపరాళ్ళు ఒకటొకటిగా సంచిలో వేసుకుంది. మిగిలిన రెండు కానాగంతలూ ఆకులో చుట్టి కోడలి ఒళ్ళో పెట్టింది. “పులుసు పెట్టు,” అంది.

ఇంటికి పోయే దారిలో సీతాలు మందుల షాపు ముందు ఆగింది. బొమ్మ పెట్టె మీద రాసి ఉన్న ఫోను నంబరు ఆమెకి నోటికి వచ్చు. నంబరు తిప్పమని షాపువాణ్ణి అడిగి రిసీవరు రెండు చేతులా పట్టుకుంది.

“అర్జునరావు బాబేనా? నాను సీతాలుని... గొట్టం కాడ రాళ్ళేసే మనిషిని. రేపు అయిదున్నరకి రండి బాబూ. సాయంత్రం కాదు, తెల్లారగట్ల.”

వస్తాడో రాడో అనుకుంది. శుక్రవారం తెల్లారగట్ల ఆమె షెడ్డు తాళం తీసేసరికి గేటు దగ్గర మోటారుసైకిలు ఆగి ఉంది. అతను స్వెట్టరు తిరగేసి తొడుక్కున్నాడు.

“ఏంటమ్మా, రిపోర్టులో ఏమన్నా...”

“సూడండి ముందు.”

తనే మీట వేసింది. తనే వచ్చి తక్కెడ ముందు కూర్చుంది. గొట్టం నిండా ఒకే ఒరవడిగా గాలి మోగుతోంది. ముల్లు ఎడమకి పోయింది. రాళ్ళు వేసి ఆపింది. “నూట ఎనబై. పైకి. ఇప్పుడు గాజులోంచి ముక్కు మీద పోగులు సూడండి.”

అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

“మంగళవారం కిందకి అంది కదా?”

“మంగళారం సముద్రం గాలి కూడా తూకంలో పడింది బాబూ.”

“షట్టరు మూశారు కాబట్టి ఇలా వస్తోందేమో. అదే తప్పేమో.”

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు సీతాలు వెళ్ళి గొలుసు లాగింది. షట్టరు పూర్తిగా పైకి లేచింది. బయట సముద్రం నూనె పోసినట్టు నిశ్చలంగా ఉంది. దూరంగా తెప్పలు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఆమె తిరిగి వచ్చి తక్కెడ చూపించింది. ముల్లు గింజంత కూడా జరగలేదు.

“తలుపు తీసే ఉంది. గాలి నేదు. కారు అదే, ముక్కు అదే.”

అర్జునరావు స్టూలు మీద కూలబడ్డాడు. అరచేతులు తొడల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

“పోయిన నెల భీమిలి రోడ్డు మీద నడిపాను. తొంభై మైళ్ళ వేగం దాటగానే స్టీరింగు చేతుల్లో తేలిపోయింది, ముందు చక్రాలు ఉన్నాయో లేవో తెలియనట్టు. నా చేతులే భయపడుతున్నాయనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మంగళవారం సారు బల్లి అనేసరికి, తప్పు నాదే అనుకుని ఊరుకున్నాను.”

“సేతులు అబద్ధం సెప్పవు బాబూ.”

అతను లేచి, సీతాలు ఫ్యాను ఆపాక గాజు తలుపు తీసి, బొమ్మ ముక్కు కింద వేలు అడ్డం పెట్టి చూశాడు. “ఇక్కడ గడ్డంలా ఒక రేకు దింపితే? కిందకి దూరే గాలి తగ్గుతుంది.”

“దింపి తూద్దాం. రేపు తెల్లారగట్ల రేకు అట్టుకు రండి.”

“మీ సారు ఒప్పుకుంటారా?”

సీతాలు రిజిస్టరు బల్ల మీద పెట్టి సోమవారం పేజీ తీసింది. దాని కింద నల్ల కార్బను కాగితం, తెల్ల కాగితం సరిచేసి పెట్టి, నకలు దిగేలా పాత అంకెల మీదే మళ్ళీ దిద్దడానికి కలం మూత తీసింది.

ఆ రాత్రి భోజనాల వేళకి పైడయ్య మిఠాయి పొట్లం తెచ్చి గూట్లో పెట్టి ఉంచాడు. శుక్రవారం సాయంత్రం గడువని అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. సీతాలు అందరికీ అన్నం పెట్టింది, పులుసు వేసింది, తను కూడా కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది, ఉప్పు అందుకున్నంత మామూలుగా.

“సంతకం పెట్టినాను.”

పైడయ్య మొహం వెలిగింది. “నాను సెప్పనేదా? నాగమణీ, ఆ పొట్లం...”

“సోమారం పేజీలో పెట్టినాను మావా. కొలత తీసినవారు, సీతాలు, అని. కొట్టెయ్యనేదు.”

గూటి దాకా వెళ్ళిన నాగమణి అక్కడే ఆగిపోయింది.

“మంగళారం పేజీలోనూ పెట్టినాను. షట్టరెత్తి సముద్రం గాలిలో తూసినది, ఈ లెక్క సెల్లదు అని రాసి దాని కింద పెట్టినాను. రెండిటికీ నకలు ఆ బాబు అట్టుకెల్లినాడు.”

“పెద్దసారు ఏటన్నారు?” పైడయ్య గొంతు దిగిపోయింది.

“ఇది రాయడానికి నువ్వెవరివన్నారు. తొమ్మిదేళ్ళు అంకెలు రాసినదాన్ని సార్ అన్నాను. ఆర్డరు సొరుగులో పెట్టి తాళమేసుకున్నారు. ఒకటో తారీకు నుంచి మస్టర్లో నా పేరుండదంట.” ఆమె ఒక ముద్ద కలుపుకుంది. “ఈయేళ ఇరవై ఎనిమిది. ఇంకా మూడు తెల్లారగట్లున్నాయి. రేకు దింపి తూసి సూడాల. మూడూ ఎల్తాను.”

పైడయ్య కంచంలోకి చూస్తున్నాడు. కోపగించుకుంటాడనుకుంది. అతను చేప నడిమి ముక్క తీసి, ముళ్ళు చూసుకుంటూ, “ఆ కుర్రోడు నిజంగా సూసినాడా? ముక్కు లేవడం?” అన్నాడు.

“కళ్ళారా సూసినాడు. ఆడి సేతులికి ముందే తెల్సంట.”

“ఊఁ,” అన్నాడు పైడయ్య. “స్టీరింగు తేలిపోవడం నాకూ తెల్సు. సుడిలో సుక్కాని అలగే ఉంతాది.” ఆ ముక్క ఆమె కంచంలో వేశాడు.

పోతమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళింది. తలగడ కిందనుంచి దారపుండ తెచ్చి, గుమ్మంలో నిలబడి మూరలు కొలవడం మొదలుపెట్టింది. మోచెయ్యి నుంచి వేలికొస దాకా ఒకటి, రెండు, మూడు.

“సిరిగిన వల నా కొడుకు మీద, సిరిగిన గాలి నా కోడలి మీద. ఇంట్లో నాకొక్కదానికే దిగులు,” అని గొణిగి, “సాలా?” అంది.

“ఇంకో మూర కొయ్యత్తా.”

“మూడు రోజులికి మూడు మూరలు సాలవేటి?”

“ఒకటో తారీకుక్కూడా కావాల,” అంది సీతాలు.

“ఆ రోజు నుంచి రావద్దన్నారు కదమ్మా?” అంది నాగమణి.

“అన్నారు. ఎందుకు రావద్దో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను. అంతదాకా ఎల్తాను.”

పోతమ్మ ఒక క్షణం కోడలి వైపు చూసింది. తర్వాత నాలుగో మూర కొలిచి పంటితో పుటుక్కున తెంపింది.